ఊట అడిగిన డ్రైవర్

మునిరాజు ఆ మధ్యాహ్నం ఆ గొర్రెలావిడను అడిగింది భోజనం గురించా, నీళ్ళ గురించా? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా నాకు తేలని ప్రశ్న ఇది. అతన్నే రెండుసార్లు అడిగాను. ఒకసారి భోజనమే అన్నాడు. ఇంకోసారి, "నీళ్ళే సార్, నాకు తెలీదనుకున్నారా" అని నవ్వాడు. ఏది నమ్మాలో తెలియక రెండూ నా నోటుపుస్తకంలో రాసుకున్నాను.

మా హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం, సంతలో కన్నడం కలుపుతాం. మా దగ్గర "ఊట అయిందా" అంటే తిన్నావా అని. ఆ ఊట కన్నడం వాళ్ళది. కడప వైపు పోతే ఊట అంటే నేలలోంచి, రాతి సందులోంచి ఉబికే నీళ్ళు. ఈ తేడా నాకు పుస్తకాల వల్ల తెలుసు. మునిరాజుకు తెలుసో లేదో తెలియదు. కానీ ఆ మాట పట్టుకుని అతను దొరకబుచ్చుకున్న చోటు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మునిరాజుది తళి దగ్గర ఒక మెట్ట పల్లె. రాగి, అనప పండే నేల. అన్నదమ్ములు ముగ్గురిలో ఇతనే కడపటివాడు. ఏడో తరగతితో బడి మానేశాడు. హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో రేకులు వంచే మిషను దగ్గర ఏడాది పనిచేసి, గోడల మధ్య నిలబడలేక లారీ ఎక్కాడట. క్లీనరుగా మూడేళ్ళు, తర్వాత డ్రైవరు. కర్ణాటక సరిహద్దులో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు పూటంతా ఆగిపోయేవి. మిగతా డ్రైవర్లు పేకాట ఆడితే, ఇతను ముందు లారీ నుంచి వెనక లారీ దాకా నడుస్తూ ఎవరు ఏ దారిన వచ్చారు, దారిలో నీడ యాడ ఉంది, స్నానానికి నీళ్ళు యాడ ఉన్నాయి అని అడుగుతూ ఉండేవాడు. అదే అతని చదువు.

నేను కృష్ణగిరి సర్వే ఆఫీసులో పటాలు గీసేవాణ్ణి. నా దగ్గరికి అతను మొదట వచ్చింది ఎనభై తొమ్మిదిలో, అన్నదమ్ముల భాగపరిష్కారం పటం కోసం. పటం మూలన ఉన్న మూడు గళ్ళు ఏమిటని అడిగాడు. చెప్పాను: గొలుసు పట్టుకుని పొలంలో తిరిగి కొలిచినవాడి పేరు మొదటి గడిలో, గీసినవాడి పేరు రెండో గడిలో, సరిచూసినవాడి పేరు మూడో గడిలో. ఒకే మనిషి పేరు రెండు గళ్ళలో ఉంటే మా ఆఫీసులో ఆ పటం చెల్లదు. అతను చాలా సేపు తల ఊపి, "మంచి పద్ధతి సార్" అన్నాడు.

అప్పుడు నాకు అతని మీద ఏ భావమూ లేదు. అసూయ తర్వాత వచ్చింది.

జయరామప్ప నా చిన్ననాటి స్నేహితుడు. కృష్ణగిరిలో మామిడి మండీ నడిపేవాడు. సాయంత్రం మండీలో గోనెసంచుల మీద కూర్చుని నేను చదివిన ఊళ్ళ గురించి చెబుతుంటే వినేవాడు. పెన్నా నది ఎర్రటి కొండను నిలువునా కోసుకుంటూ పోయే లోయ గురించి, దాని అంచున ఉన్న కోట గురించి చెప్పింది నేనే. తొంభై ఏడులో మామిడి కాలం అయిపోయాక అతను ఒక పాత మెటడార్ వ్యాన్ కొన్నాడు. మూకండపల్లిలో ఒక షెడ్డులో దాని లోపల మడిస్తే బల్లలు, పరిస్తే పడకలు అయ్యేట్టు చెక్కలు బిగించారు. ఒక మూల గ్యాసు పొయ్యి, పైన నీళ్ళ డ్రమ్ము, పక్కకు లాగితే నీడనిచ్చే టార్పాలిన్. "ఇంక నువ్వు చెప్పిన ఊళ్ళన్నీ చూస్తాము రామకృష్ణప్పా" అన్నాడు. నా జీవితంలో నేను అంత సంతోషపడిన రోజులు తక్కువ. డ్రైవరుగా మునిరాజును పెట్టాడు.

మొదటి ప్రయాణంలో మేం ఏడుగురం: జయరామప్ప, అతని భార్య అలివేలమ్మ, హోసూరులో బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య, వాళ్ళ కూతురు, నేను, మునిరాజు. చింతామణి, కదిరి, పులివెందుల మీదుగా పోయాం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో అంతా నా నోటుపుస్తకంలో ఉంది. రెండో రోజు భోజనానికి నేను రాసుకున్న హోటలు మూసేసి ఉంది. దాటి పోయాం. మధ్యాహ్నం రెండయింది. ఇటు ఎర్రటి బండలు, అటు ఎర్రటి బండలు, మధ్యలో తారు కరుగుతున్న రోడ్డు. వంట చేద్దామంటే డ్రమ్ములో నీళ్ళు లేవు. బ్యాంకు ఆఫీసరు వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను పుస్తకం తిరగేస్తున్నాను.

ఒక తుమ్మచెట్టు కింద గొర్రెలు, ఒక పెద్దావిడ. మునిరాజు బండి ఆపి దిగాడు.

"అమ్మా, ఈడ ఊట యాడన్నా సిక్కుతాదా?"

"ఊటనా? ఎంతమంది ఉండారు నాయనా?"

"ఏడుమందిమి."

"ఏడుమందికేమి, నూరుమందికి చాలుతాది. ఆ కోనలో దిగండి."

బండి దూరాన నిలిపి దిగాం. నూరుమందికి వండే చోటు ఈ బండల్లో ఎక్కడుందా అని జయరామప్పకు ఆశ్చర్యం. సత్రమై ఉంటుందన్నాడు. బ్యాంకు ఆఫీసరు భార్య అక్కడ శాకాహారమేనా అని అలివేలమ్మను అడుగుతోంది. రాతి మెట్ల లాంటి దారి కిందికి, ఇంకా కిందికి పోయింది. నూరడుగులు దిగేసరికి ఎండ ఆగిపోయింది. రెండు బండల మధ్య చీలిక. పైనుంచి ఒక రాయి కప్పులా వంగి ఉంది. దాని అడుగు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కాదు, సన్నటి ధారలుగా దిగి, నున్నటి దొన్నె లాంటి గుంటలో నిండుతున్నాయి. గోడ నిండా పచ్చటి నాచు. అంత ఎండలో అక్కడ చలి వేసింది.

అలివేలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "మునిరాజూ, నంజుకునేదానికి పొరుటు ఏమప్పా, సాంబారు యాడ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా చేతిలోని పుస్తకాన్ని సంచిలో పెట్టేసుకున్నానని గుర్తుంది.

గొర్రెలావిడ వెనకే దిగింది. పేరు ఆదిలక్ష్మమ్మ. సంగతి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మూటలోంచి జొన్నరొట్టెలు, చింతాకు పొడి తీసి ఏడుగురికీ తుంచి పెట్టింది. మేం తినేసి నీళ్ళు తాగాక మాత్రం ముఖం మార్చి చెప్పింది. ఎండాకాలంలో మూడు ఊళ్ళ గొర్రెలకు ఆ నీళ్ళే దిక్కు. మనుషులు మరిగితే సబ్బు వస్తుంది, సారా సీసాలు వస్తాయి. "మీరు దారి తప్పి వచ్చినారు, సరే. ఇంగొకరికి చెప్పొద్దు."

మునిరాజు తడి రాతి మీద చెయ్యి పెట్టాడు. "నా బండి తప్ప ఇంకో బండి రాదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు మామిడి కాలం అయిపోగానే వ్యాన్ బయలుదేరేది. హోసూరు ఫ్యాక్టరీల ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు, ఒక్కో విడతకు ఏడెనిమిది మంది. కోట అందరూ చూసేదే. మునిరాజు చూపించేవి వేరు. కోనలోని ఆ ఊట. వదిలేసిన నాపరాయి గనిలో నిండిన ఆకుపచ్చ నీళ్ళు. నది మలుపు మీద, సాయంత్రం నాలుగు దాటితే చల్లగాలి తగిలే ఒక బండ అరుగు. పేరు లేని ఒక నాలుగు కాళ్ళ మండపం, దాని లోపల గోడ మీద ఎవరో చెక్కిన ఎద్దు.

ఇవన్నీ అతనికి ఎట్లా దొరికేవో నేను కనిపెట్టి చూశాను. చూడదగ్గది ఏముందని అతను ఎవరినీ అడగడు. అట్లా అడిగితే ఎవరైనా కోటే చెబుతారు. "మధ్యాన్నం మీ గొర్రెలు యాడ పండుకుంటాయి?" అని అడుగుతాడు. గొర్రెలు పడుకునే చోట నీడ ఉంటుంది, గాలి ఉంటుంది, దగ్గరలో నీళ్ళు ఉంటాయి. రెండు వందల పేజీల జిల్లా వివరాల పుస్తకం చదివిన నాకు ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మునిరాజుకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. బడిలో నేర్పింది తమిళం. నేను ముప్పై ఏళ్ళు దాటాక మా నాయన పెట్టెలోని పాత పుస్తకాలు ముందేసుకుని తెలుగు అక్షరాలు పట్టుదలగా నేర్చుకున్నాను. ఆంధ్రలో దిగితే ప్రతి బోర్డూ నేను చదవగలను, కాబట్టి ఎవరినీ అడగను. అతను చదవలేడు, కాబట్టి ప్రతి మలుపులోనూ బండి ఆపి మనుషులను అడుగుతాడు. నాకు బోర్డులు రాసిన ఊళ్ళు దొరికాయి. అతనికి బోర్డులు లేని చోట్లు దొరికాయి.

ఒకసారి పులివెందులలో టీ తాగుతూ, "నాకి ఈ అక్షరాలు నేర్పించండి సార్" అని అడిగాడు. చూద్దాంలే అన్నాను. మళ్ళీ అడిగాడు. ఈసారి సెలవుల్లో అన్నాను. నేర్పలేదు. నా దగ్గర ఉండి అతని దగ్గర లేనిది అదొక్కటే.

అతను జయరామప్పను అన్నా అనేవాడు, అలివేలమ్మను వదినా అనేవాడు, నన్ను మాత్రం సార్ అనేవాడు. గౌరవమే. కానీ ముద్ద వండిన రోజున అలివేలమ్మ మొదటి పళ్ళెం వదినా అన్నవాడికే ఇచ్చేది. ముందు సీటులో జయరామప్ప పక్కన మొదటి ఏడాది నేను కూర్చున్నాను. రెండో ఏడాది నుంచి, "వెనక నీకి చదువుకునేదానికి వెలుతురు బాగుంటాది కదప్పా" అని నన్ను వెనక్కు పంపారు. నేను లోయ చరిత్ర చదివి వినిపిస్తుంటే ప్రయాణికులు నిద్రపోయేవారు. మునిరాజు బ్రేకు వేసి గాజు దించగానే లేచి కూర్చునేవారు.

ఊరికి తిరిగి వెళ్ళినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు. ఉత్తరాలు రాసేవాణ్ణి నేనే కాబట్టి నా చిరునామాకే వచ్చేవి. రెండు వాక్యాలు నాకు, మిగతాదంతా మునిరాజు గురించి. ఒక టీచరమ్మ, మీ డ్రైవరు చూపించిన అరుగు మీద కూర్చున్న గంట తన జీవితంలో మరిచిపోలేనని రాసింది, ఆ మాట అతనికి చెప్పమంది. చెప్పానని జవాబు రాశాను. చెప్పలేదు. అట్లాంటివి పద్నాలుగు ఉత్తరాలు నా బీరువాలో ఉన్నాయి.

మా ఇంటి ముందు వ్యాన్ ఆగితే నా భార్య అంజినమ్మ అతనికి, చుట్టాలొస్తే తీసే వెండి లోటాలో కాఫీ పోసేది. గడప మీద కూర్చుని అతను చెప్పే సంగతులు విని లోపలికి వచ్చి నాతో అనేది, "నువ్వు చదివిన ఊర్లన్నీ ఆయప్ప చూసేసినాడు." వేళాకోళమే. నేను పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు, కానీ ఆ పేజీ ఇంకోసారి చదవాల్సి వచ్చేది.

రెండు వేల మూడులో జయరామప్ప రెండో వ్యాన్ కొన్నాడు. దానికి ప్రసాదు అనే కుర్ర డ్రైవరును కుదిర్చాడు. ప్రసాదుకు చోట్లన్నీ చూపించమంటే, మునిరాజు గని చూపిస్తానన్నాడు, అరుగు చూపిస్తానన్నాడు, మండపం చూపిస్తానన్నాడు. ఊట మాత్రం కుదరదన్నాడు. ఆయమ్మకు మాట ఇచ్చానన్నాడు. జయరామప్పకు అది నచ్చలేదు. జనం అడుగుతున్నదే ఊట.

మర్నాడు జయరామప్ప నా ఇంటికి వచ్చాడు. ఆరేళ్ళలో అతను నన్ను ఏదైనా అడగడానికి రావడం అదే మొదటిసారి.

"నువ్వు అన్నీ రాసుకుంటావు కదప్పా. ఒక పటం గీసి ఇస్తావా?"

ఎందుకో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. పదకొండు రోజులు కూర్చుని గీశాను. నది ప్రతి మలుపూ, ప్రతి కోనా, నడక దారులు చుక్కల గీతలుగా, నీళ్ళు నీలం ఇంకుతో. ఆఫీసులో ముప్పై ఏళ్ళు గీసిన వేటికీ అంత మనసు పెట్టలేదు. చివరి రోజు మూలన పెట్టె గీసి మూడు గళ్ళు చేశాను. మొదటి గడి దగ్గర కలం చాలా సేపు ఆగింది. ఆ కొండల్లో తిరిగి ఆ చోట్లను కనిపెట్టిన మనిషి ఎవరో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తర్వాత మూడు గళ్ళలోనూ నా పేరే రాశాను.

మండీలో జయరామప్ప ఆ పటాన్ని మామిడి బుట్టల మీద పరిచాడు. మునిరాజు వచ్చి వంగి చూశాడు. పేర్లన్నీ తెలుగులో రాశాను, అతను చదవలేడు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను. కానీ నది వంపును వేలితో పట్టుకుని, ఒక్కొక్క చోటూ తనే చెప్పాడు. ఇది గని, ఇది అరుగు. నీలం చుక్క దగ్గర వేలు ఆగింది. వేలు కిందికి జరిపి మూల పెట్టె దగ్గరికి తెచ్చాడు.

"సార్, ఈ మూడూ ఒకటే మాదిరి ఉండాయే?"

జయరామప్ప, "వాడు గీసినదానికి వాడి పేరు పెట్టుకోడా" అని నవ్వాడు.

"కొలిచింది కూడా సారేనా?"

"ఊ" అన్నాను.

అతను గళ్ళను ఇంకోసారి చూశాడు. వాటి గురించి మళ్ళీ ఎత్తలేదు. బయటికి వచ్చాక నా వెనకే వచ్చి మెల్లగా, "నా పేరు లేకపోతే పోనీ సార్. ఆ నీలం చుక్క ఒక్కటి తీసెయ్యండి. ఆయమ్మకి నేను మాటిచ్చినాను" అన్నాడు. ఇంకుతో గీసింది చెరిగేది కాదు, కొత్తది గీస్తానని చెప్పాను. అప్పటికప్పుడు అది నిజమే అనుకున్నాను. ఇంటికి వచ్చాక, అతను నన్ను బతిమాలిన ఆ కాసేపు ఎంత బాగుందో తలుచుకుంటూ కూర్చున్నాను. కొత్త పటం గీయలేదు. జయరామప్ప అప్పటికే దానికి పది నకళ్ళు తీయించాడు.

తర్వాతి ఏడాది, కృష్ణగిరి జిల్లా అయిన ఏడాది, ఆగస్టులో మళ్ళీ పోయాం. జయరామప్పకు ఒంట్లో బాగాలేక రాలేదు. ముందు సీటు ఖాళీగా ఉంటే మునిరాజే నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. దారి పొడవునా బాగా మాట్లాడాడు. జయరామప్పకు కొత్త పటం ఇచ్చారా అని ఒకసారి అడిగాడు. ఇచ్చానన్నాను.

కోన దగ్గరికి చేరేసరికి ప్రసాదు వ్యాన్ అక్కడ ఉంది. దాని వెనక బెంగళూరు నంబరు జీపులు రెండు. దిగి చూస్తే గుంట చుట్టూ పదిహేను మంది. ఒకడు గిన్నెలు తోముతున్నాడు. నీళ్ళ మీద తెల్లటి నురగ. ప్రసాదు మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, పటం సరిగ్గా ఉంది సార్ అని నాతో అన్నాడు. మునిరాజు ఆ మాట విన్నాడు.

ఆదిలక్ష్మమ్మ పైన బండ మీద కూర్చుని ఉంది. గొర్రెలు దిగడం లేదు. మునిరాజు ఆమె దగ్గరికి ఎక్కాడు. నేను వెనకే ఎక్కాను. ఆమె నా వైపు చూడలేదు.

"మాట ఇచ్చింది నువ్వే కదా నాయనా" అంది అతనితో.

పటం గీసింది నేనని చెప్పడానికి అదే సమయం. నాలుగు మాటలు చాలు. మునిరాజు నా వైపు తిరిగి చూడను కూడా లేదు, నాకోసం ఎదురుచూసినట్టు నిలబడ్డాడు, అంతే. నేను నా చెప్పులో దూరిన రాయి తీసుకున్నాను.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు అతను.

కిందికి దిగి, జీపులవాళ్ళను బతిమాలి గిన్నెలు బయటికి తీయించాడు. గుంటలోని నీళ్ళు బకెట్టుతో తోడి పారబోశాడు. మళ్ళీ నిండేదాకా అక్కడే కూర్చున్నాడు. మా ప్రయాణికులు రెండు గంటలు బండిలో వేచి ఉన్నారు. ఎవరూ విసుక్కోలేదు. నేనే విసుక్కున్నాను, పైకి వినబడకుండా.

తిరుగు దారిలో అతను ఎక్కడా ఆగలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. నేను రెండుసార్లు మాట కలిపాను. ఊ అన్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నానికి హోసూరు చేరి ప్రయాణికులను వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దించాడు. వ్యాన్‌కు ఏదో చిన్న రిపేరు చేయించి కృష్ణగిరికి పోవాలని మూకండపల్లి షెడ్డు ముందు నిలిపాడు. ఎదురుగా టీ కొట్టు. నేను దిగి రెండు టీలు చెప్పాను. ఆ టీ అతని చేతికి ఇస్తూ చెప్పేద్దామని అనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో మనసులో వాక్యం కూర్చుకుంటున్నాను, అది సరిగ్గా రావడం లేదు.

మునిరాజు బండి దిగి, సీటు కింద నుంచి తన సంచి తీశాడు. అద్దం దగ్గర ఆరేసిన తుండు భుజాన వేసుకున్నాడు. షెడ్డులో మెకానిక్కు చేతికి తాళాలు ఇచ్చాడు. ఇల్లు ఆ పక్క వీధిలోనే కదా, భార్య మంజులమ్మను చూసి వస్తాడనుకున్నాను. అతను ఇంటి వైపు పోలేదు. రోడ్డు దాటాడు. సేలం వైపు పోయే ఒక లారీ వేగం తగ్గించింది. డ్రైవరు తెలిసినవాడేమో, తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను రెండు గ్లాసులూ పట్టుకుని రోడ్డు అంచు దాకా వచ్చాను. మునిరాజు ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు. లారీ కదిలింది. అతను నా వైపు చూడలేదు.